పడవ ప్రొపెల్లరు మాటిమాటికి ఏల విరుగును?

గౌతమీ తీరమున నివసించు మనకు మోటారు పడవ క్రొత్త వస్తువు కాదు. యానాము రేవులోగాని కోరంగి యేటి గట్టుమీదగాని ఒక ఉదయము నిలిచి చూచినయెడల, ఒడ్డునకు లాగియుంచిన పడవల వెనుకభాగమున ఒక ఇరుసును, దాని చివర రెండు మూడు రెక్కలుగల లోహచక్రమును కనబడును. ఆ చక్రమే ప్రొపెల్లరు. కొంచెము వంగి పరీక్షించినచో వానిలో కొన్నిటి అంచులు ఎలుక కొరికినట్లుండును. కొన్నిటి కొనలు వాడిన పూరేకువలె వెనుకకు మడిగియుండును. ఒక్కొక్కదానికి ఒక రెక్క సగమే మిగిలియుండును.

ఇది రాత యని కొందరును, సరుకు మంచిది కాదని కొందరును అందురు. మా అభిప్రాయము వేఱు. ఒకసారి విరిగిన ప్రొపెల్లరు ప్రమాదవశమున విరిగినదనుకొనవచ్చును. అదే పడవకు ఏటేట, ఒక్కొక్కప్పుడు నెలనెల, విరుగుచుండినయెడల అది ప్రమాదము కాదు. దానికొక కారణము కలదు. ఆ కారణము నదిలోనుండవచ్చును, పడవలోనుండవచ్చును, నడపు చేతిలోనుండవచ్చును. మనవారు సామాన్యముగా మార్చునది మాత్రము ప్రొపెల్లరొక్కటియే. అందువలన డబ్బు పోవును, వేటకు అనుకూలమైన దినములు పోవును. అంతకంటె పెద్ద అపాయము వేఱొకటి కలదు. గోదావరి మొగలో, నదియు సముద్రమును పెనగులాడుచోట, ప్రొపెల్లరు పనిచేయక పడవ అలకు అడ్డముగా తిరిగినయెడల బోల్తాపడుటకు నిమిషము చాలును. మన విద్యార్థులలో అనేకుల తండ్రులును అన్నలును ఆ మొగ దాటియే సముద్రముమీదికి పోవుదురు. కావున ఈ విషయమును కొంత విపులముగా వ్రాయదలచితిమి.

మొదట ప్రొపెల్లరు పనిచేయు విధమును తెలిసికొందము. మరమేకును కొయ్యలో పెట్టి త్రిప్పినచో అది చుట్టుచుట్టుకు కొంత దూరము లోనికి చొచ్చుకొనిపోవును. ప్రొపెల్లరు నీటిలో చేయునదియు ఇట్టి పనియే. ఒక పూర్తి చుట్టుకు అది పోవలసిన దూరమును పిచ్ అందురు. పిచ్ 12 అంగుళములు, చుట్టులు నిమిషమునకు 1200 అయినచో, పడవ నిమిషమునకు 1200 అడుగులు, అనగా గంటకు సుమారు 22 కిలోమీటర్లు పోవలెను. అయితే నీరు కొయ్యవలె గట్టిది కాదు గదా! రెక్క త్రోసినకొలది కొంత వెనుకకు జారును. ఈ జారుడువలన వేగములో నాలుగవవంతు, బరువెక్కిన పడవలో అంతకంటె ఎక్కువయు పోవును.

ఇక్కడ ఒక వింత కథ చెప్పవలెను. 1836లో ఇంగ్లండున ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అను రైతును, స్వీడను దేశీయుడైన జాన్ ఎరిక్‌సన్ అను ఇంజనీరును వేరువేరుగా ప్రొపెల్లరులకు పేటెంటులు పొందిరి. స్మిత్ చేసినది రెండు పూర్తి చుట్టులుగల కొయ్యమర. 1837లో లండనునందలి పాడింగ్టన్ కాలువలో దానిని పరీక్షించుచుండగా మర దెబ్బతిని సగము ఊడిపోయెను. పడవ మెల్లగిల్లవలసినది, అట్లుగాక మునుపటికంటె వేగముగా సాగెను! పొడవైన మరకంటె పొట్టి మరయే మేలని దానితో తేలినది. ప్రొపెల్లరు చరిత్ర విరుగుటతోనే ఆరంభమైనదని చెప్పినను తప్పులేదు. కాని స్మిత్‌కు దక్కిన అదృష్టము మన పడవలవారికి దక్కుట లేదు.

ఏలననగా నేటి ప్రొపెల్లరు రెక్కలు ఒకదానితోనొకటి సరితూగునట్లు పోతపోసి సానపెట్టినవి. వానిలో ఒకటి వంగినను, ఒక ముక్క పోయినను, ఇరుసు ప్రతి చుట్టునను ఒక ప్రక్కకు లాగబడును. నిమిషమునకు 1500 చుట్టులనగా సెకనునకు 25 లాగుడులు. ఆ అదరుపాటుచే ఇరుసును మోయు బేరింగు అరుగును. నీరు రాకుండ బిగించిన కట్టు వదులగును. పడవ అడుగున నీరు చేరును. నూనె ఖర్చు పెరుగును. అంచు వంకరపోయిన రెక్క వెనుక నీటి ఒత్తిడి మిక్కిలి తగ్గుటచే అక్కడి నీరు చల్లగానుండియే ఆవిరిబుడగలుగా మారి, మరుక్షణమే ఆ బుడగలు చితికి, లోహమును సూదులతో పొడిచినట్లు గుంటలుచేయును. కావున చిన్న దెబ్బయే గదా యని ఊరకున్న ప్రొపెల్లరు తన్నుతాను తినివేసికొనును.

మఱియొక లెక్క. 10 అంగుళముల వ్యాసముగల ప్రొపెల్లరు నిమిషమునకు 1500 చుట్టులు తిరుగునప్పుడు దాని రెక్క కొన గంటకు సుమారు 72 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచుండును. పడవ మెల్లగా పోవుచున్నది గదా, దుంగ తగిలినను ఏమగునని అనుకొనువారు ఈ అంకెను జ్ఞప్తియందుంచుకొనవలెను. దుంగకు తగులునది పడవ వేగము కాదు, రెక్క వేగము.

ఇక మన నది సంగతి. గోదావరి ఇసుక మోయు నది. 1986 ఆగస్టునందు వచ్చిన మహా వరదలో ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించెను. 2022 జూలైలో 25 లక్షలకు మించినది. ఇట్టి వరదలు పొలములను ముంచుటయేగాక నది అడుగును తిరుగవ్రాయును. ఒకచోట ఇసుకను ఎత్తి మఱియొకచోట పోయును. నిరుటి త్రోవ ఈ ఏడు త్రోవ కాదు. కోరంగి ఒకప్పుడు ఓడలుకట్టిన గొప్ప రేవు. 1839 తుపాను దానిని నాశనము చేసెను, తరువాత ఇసుకయు బురదయు పేరుకొనుటచే పెద్ద ఓడలకు పనికిరాకపోయెను. ఓడరేవునే పూడ్చిన నదికి మన పడవ ప్రొపెల్లరు ఒక లెక్కయా?

అయినను నది గ్రుడ్డిగా పూడ్చదు. నది వంపు తిరిగినచోట బయటిగట్టు ప్రక్కన ప్రవాహము వడిగానుండి అడుగును కోయును. లోపలిగట్టు ప్రక్కన నెమ్మదించి ఇసుకను దించును. మేట లోపలి వైపుననే ఏర్పడును. దూరము కలిసివచ్చునని లోపలి గట్టును రాచుకొని పోవు పడవయే తరచుగా ఇసుక నెక్కును. లంకల దిగువ కొనయందును, కాలువ నదిలో కలియుచోటను ప్రవాహము నెమ్మదించును గనుక అక్కడను మేటలు వేయును.

దీనికి తోడు పోటుపాటులు. కాకినాడ తీరమున అమావాస్యకును పున్నమకును పోటునీటికిని పాటునీటికిని మీటరుకు మించిన భేదముండును. పోటు దినదినమునకు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. ఏడు దినములకు ఆ ఆలస్యము ఇంచుమించు ఆరు గంటలగును. ఆదివారము ఉదయము ఆరు గంటలకు నిండు పోటులో సుఖముగా దాటిన తిప్పను మరుసటి ఆదివారము అదే ఆరు గంటలకు దాటబోయినయెడల అక్కడ నుండునది పాటునీరు. గడియారమును నమ్మి ప్రొపెల్లరు విరుగగొట్టుకొనువారు కొందరున్నారని మా అనుమానము. ఇది మన పిల్లలు పలకమీద వేసి చూపగల లెక్క.

ఇసుక కనబడకున్నను గెడతో తెలిసికొనవచ్చును. దుంగ యట్లు కాదు. వరదలో ఒడ్డు కోసికొనిపోయినప్పుడు తాడి, కొబ్బరి మొదలగు చెట్లు వేళ్లతోసహా కొట్టుకొనివచ్చును. ఎండుకొయ్య నీటిపై తేలును. నెలల తరబడి నానిన కొయ్య తాను తొలగించు నీటితో ఇంచుమించు సమానమైన బరువు కలదై, తేలక మునుగక నడుమ నిలుచును. వేళ్లవైపు బరువెక్కువగుటచే ఒక్కొక్కటి నిట్టనిలువుగా నిలిచి, తల నీటిమట్టమునకు జానెడు లోతున దాచుకొనియుండును. ప్రవాహములో గాలి లేకయే ఒకచోట నీరు కోణాకారముగా చీలుచున్నయెడల దాని ఎగువనో క్రిందనో దుంగ యున్నదని గ్రహింపవలెను. ఉదయపు టెండలో సూర్యునికి ఎదురుగా పోవునప్పుడు ఈ గురుతు కానరాదు. అట్టి వేళ పడవ ముందుకొనయందు ఒకరు నిలిచి చూచుట మంచిది.

ఈ బాధ మనకొక్కరికే లేదు. అమెరికాలోని మిసిసిపీ నదియందు పొగపడవలను దుంగలు చీల్చి ముంచుచుండగా, హెన్రీ శ్రీవ్ అను ఆయన 1829లో రెండు పడవలను జంటచేసి, నడుమ దూలము నమర్చి, నదిలోని మ్రాకులను పెల్లగించి తీయు నావను కట్టెను. పడవను బాగుచేయుటకంటె నదిని బాగుచేయుట చౌకయని ఆయన గ్రహించెను. ఆ నదిమీదనే 1859లో సరంగు పరీక్ష నెగ్గిన ఒక యువకుడు తరువాత గొప్ప రచయితయై మార్కు ట్వైన్ అను పేరు పెట్టుకొనెను. అది పడవలవాని కేక! లోతు చూచు త్రాడు రెండవ గురుతువరకు తడిసినది, రెండు బారల నీరున్నది, పడవకు భయములేదని దాని అర్థము. వారి ఫాదమును మన బారయు ఒకటే కొలత: చాచిన రెండు చేతుల నిడివి, సుమారు ఆరడుగులు. మన గెడకును అడుగడుగునకు రంగు గీతలు వేసికొనినచో ఆ పనియే చేయును.

లోతు చాలినదని తెలిసిన తరువాతను వేగమువలన ఒక మోసము కలదు. తక్కువ నీటిలో బరువైన పడవ వడిగా పోవునప్పుడు అడుగుబల్లకును నది అడుగునకును నడుమనున్న ఇరుకు సందులో నీరు త్వరగా పరుగెత్తవలసివచ్చును. త్వరగా పరుగెత్తు నీటికి ఒత్తిడి తక్కువ. అందుచే పడవ, ముఖ్యముగా వెనుకభాగము, క్రిందికి దిగును. పిల్లలు రెండు కాగితములను ప్రక్కప్రక్కన వ్రేలాడగట్టి వాని నడుమ ఊదిచూడవలెను. అవి దూరముగా పోక దగ్గరకు వచ్చును. కారణ మొక్కటియే. 1992 ఆగస్టు 7వ తేదీన అమెరికా తూర్పుతీరమునందలి కటీహంక్ దీవి సమీపమున క్వీన్ ఎలిజబెత్ 2 అను మహానౌక ఇట్లే అడుగునగల రాళ్లను రాచుకొనెను. పటములో 39 అడుగుల లోతని యున్నది. ఓడ నీటిలో మునుగునది సుమారు 32 అడుగులు. కాని పటమునకు ఆధారమైన కొలతలు 1939 నాటివి. వేగమువలన ఓడ దిగిన లోతు నడపువారు అనుకొన్నదానికంటె అధికము. అంతటి ఓడకే 53 ఏండ్ల పాత పటము చాలకపోయినది. మనము నిరుటి జ్ఞాపకముతో, నిండు వేగముతో, తిప్పమీదుగా పోవుచున్నాము. మేట సమీపించినప్పుడు వేగము తగ్గించినచో పడవ వెనుకభాగము పైకి లేచును. తగిలినను దెబ్బ తక్కువగును. తేలికపడవ వడిగా పోవునప్పుడు నీటిపైకి లేచునన్నది నిజమే. వలయు చేపయు మంచుగడ్డయు నిండిన పడవకు అది వర్తింపదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమని మేము తలచు విషయమునకు వచ్చుచున్నాము. అది వేలెడైనను లేని ఒక పిన్ను. చిన్న ఔట్‌బోర్డు మోటారులలో ప్రొపెల్లరును ఇరుసునకు కలుపునది షియరు పిన్ను అను మెత్తని లోహపు సీల. రెక్కకు దుంగ తగిలినప్పుడు ఈ పిన్ను తెగిపోవును. ఇరుసు వట్టిగా తిరుగును. లోపలి పళ్లచక్రములు బ్రదుకును. తెగుటయే దాని ఉద్యోగము. మన బండి ఇరుసునకు కడసీల యుండును. అది చక్రము ఊడకుండ కాపాడునది గనుక ఎంత గట్టిదైన అంత మంచిది. మనవారు పిన్నును చూచి కడసీలను తలచుకొందురు. రెండుమూడు మారులు పిన్ను తెగగానే విసిగి, ఇనుపమేకునో ఉక్కు కడ్డీనో కోసి దూర్చుదురు. మేకు తెగదు, నిజమే! కాని మరుసటి దెబ్బకు రెక్కయో, ఇరుసో, పళ్లచక్రములో పోవును. కొన్ని రూపాయల పిన్నును మిగుల్చుకొని వేలరూపాయల యంత్రమును పోగొట్టుకొనుట యిది. ఇంటిలో ఫ్యూజు మాటిమాటికి కాలుచున్నదని లావుపాటి రాగితీగ చుట్టువాడు చేయునదియు ఇదే.

పైగా పిన్ను తెగినచో పడవమీదనే, ఒక పటకారుతో, కొలది నిమిషములలో క్రొత్తది వేసికొనవచ్చును. పళ్లచక్రము విరిగినచో పడవమీద చేయగల దేమియు లేదు. మొగలో నుండగా ఈ రెంటికిగల భేదము ప్రాణములంత భేదము. కావున పడవలో నాలుగు పిన్నులును, దానిని పట్టియుంచు చీలుపిన్నులును, పటకారును నూనెగుడ్డలో చుట్టి, చీకటిలోను చేతికందుచోట ఉంచవలెను.

కొంచెము పెద్ద మోటారులలో పిన్నునకు బదులు ప్రొపెల్లరు నడుమ రబ్బరు గుబ్బ యుండును. దెబ్బ తగిలినప్పుడు అది జారి యంత్రమును కాపాడును. అనేక దెబ్బలు తిన్న రబ్బరు తరువాత దెబ్బలేకయే జారును. యంత్రము బిగ్గరగా అరచును, పడవ కదలదు. ప్రొపెల్లరును గుబ్బను కలిపి ఒక సుద్దగీత గీచి, ఒక ప్రయాణము తరువాత చూచినచో గీత రెండుగా విడినదా లేదా తెలియును. ఉక్కు రెక్కలు అల్యూమినియము రెక్కలకంటె గట్టివని అమ్మువారు చెప్పుదురు. గట్టివే, కాని దుంగ దెబ్బను తాము తినక లోపలికి పంపును. దుంగలుగల నీటిలో మెత్తని రెక్కయే కొన్నిసార్లు మేలు.

ప్రొపెల్లరును పైకెత్తు ఏర్పాటును గొప్ప ఉపాయమే. మద్రాసు కేంద్రముగా 1979లో ఆరంభమైన బంగాళాఖాత మత్స్యకార్యక్రమమువారు ఒడ్డునకు ఎక్కించు పడవలకొఱకు యంత్రము, ఇరుసు, ప్రొపెల్లరు మూడును కలిసి లేచునట్లు ఒక సాధనమును తయారుచేసిరి. న్యూజిలండు దేశస్థుడైన బిల్ హామిల్టన్ రాళ్లుగల ఏరులలో పోవుటకు బయటి ప్రొపెల్లరునే తీసివేసి, నీటిని పీల్చి వెనుకకు చిమ్ము జెట్టుపడవను వృద్ధిచేసెను. 1960లో అట్టి పడవలు కొలరాడో నదిలో ఎదురెక్కెను. కాని జెట్టునకు ఇసుక పడదు, నూనె ఎక్కువ కావలెను. మన గౌతమికి అది తగదని మా అభిప్రాయము. ప్రొపెల్లరుచుట్టు ఇనుప పంజరము పెట్టుట మఱియొక పద్ధతి. ఒడిశాలోని చిలికా సరస్సునందు పడవ రెక్కలు తగిలి ఇరావదీ డాల్ఫినులు గాయపడుచుండుటచే అక్కడ పంజరమువలన రెండువైపుల మేలు కలదు. వేగము కొంత తగ్గును. పంజరమునకు వలముక్కలు చిక్కుకొనును.

విరిగిన ప్రొపెల్లరును పారవేయకముందు దానిని చదువవలెను. అన్ని రెక్కల కొనలును సమానముగా అరిగి పలుచనైనచో అది ఇసుక పని. త్రోవయో, పోటు వేళయో తప్పినది. ఒకే రెక్కకు పెద్ద ముక్క పోయినచో దుంగయో రాయియో. రెక్క మొదట గుంటలు పడియుండినచో బుడగల దెబ్బ. కంచు ప్రొపెల్లరు గులాబిరంగునకు తిరిగినచో ఉప్పునీరు దానిలోని జింకును తినివేసినదన్నమాట; అది సుత్తిదెబ్బకు పెళుసుగా విరుగును. ఇరుసు మొదట కరిగిన నైలాను త్రాడు చుట్టుకొనియుండినచో వలముక్క. వంపు చూచుటకు యంత్రము ఆపి, పడవకు ఒక పుల్లను కట్టి, దాని మొన ఒక రెక్క అంచును తాకునట్లు ఉంచి, మెల్లగా చేతితో త్రిప్పవలెను. తక్కిన రెక్కలును అట్లే తాకినచో సరి. ఎడము వచ్చిన రెక్క వంగినది. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినముల వేటనిషేధ కాలము ఈ పరీక్షకు అనువైనది.

పడవ ఇసుక నెక్కినప్పుడు యంత్రమును వెనుకకు త్రిప్పి గింజుకొనరాదు. ప్రొపెల్లరు ఇసుకనే చిలుకును. యంత్రమును చల్లబరచు నీటిదారిలోనికి ఇసుక పోవును. వెంటనే ఆపి, మోటారును ఎత్తి, బరువును లోతువైపునకు జరిపి, గెడతో వచ్చినత్రోవనే వెనుకకు త్రోయవలెను. నీరు తీయుచున్నయెడల ఆలస్యము పనికిరాదు. నీరెక్కుచున్నయెడల లంగరు వేసి కూర్చుండుటయే తెలివి.

చివరగా విద్యార్థులకు ఒక పని. యంత్రముతో వచ్చు పుస్తకము తరచుగా ఇంగ్లీషులో నుండుటచే ఇంటిలో పెట్టెయడుగున పడియుండును. దానిలోని పిన్ను కొలతలను, నూనె మార్చవలసిన గడువును తెలుగులో వ్రాసి తండ్రికి చదివి వినిపింపవలెను. ఒక నోటుపుస్తకములో, ప్రొపెల్లరునకు దెబ్బ తగిలినప్పుడెల్ల, తేదీ, గంట, పోటో పాటో, స్థలము, గెడకు తేలిన లోతు, విరిగిన విధము అని గడులు గీచి నింపవలెను. స్థలమునకు ఒడ్డుమీది రెండు గురుతులు చాలును: ఏ కొబ్బరితోపు ఏ గుడిగోపురమునకు సూటిగా వచ్చినప్పుడు తగిలినదో వ్రాసిన చాలును. పోటు వేళలను హైదరాబాదునందలి సముద్ర సమాచార కేంద్రమైన ఇన్‌కాయిస్ వారు ప్రకటించుచున్నారు. వానిని వారమున కొకసారి ఎత్తివ్రాసికొనవచ్చును. వరద తగ్గిన తరువాత ఒకే వీధిలోని నాలుగిండ్ల పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, నాలుగు పడవలును ఒకే తిప్పకో ఒకే మోటికో తగులుచున్న సంగతి బయటపడవచ్చును. మోడైనచో దానిపై వెదురునాటి ఎఱ్ఱగుడ్డ కట్టవచ్చును. పుస్తకము వెనుక అట్టమీద పిన్ను పొడవు, లావు, లోహము వ్రాసియుంచవలెను; కాకినాడలో దుకాణమువాడు మొదట అడుగునది అదే.